గుంత పూడ్చాలి

బీబా ఫిబ్రవరిలో పోయింది.
కిడ్నీలన్నాడు డాక్టరు. పద్నాలుగేళ్లు చాలన్నాడు.
ఎవరికి చాలో చెప్పలేదు.

లిబెరో దాన్ని అంజూరపు చెట్టు కింద పెట్టి వచ్చి
చేతులు కడుక్కోకుండా సూపు తాగాడు.
నలభై ఆరేళ్ల కాపురంలో
ఆ చేతుల్ని నేనేమీ అనకపోవడం
అదే మొదలు.

ఇంకో కుక్క మాటెత్తితే లేచిపోయేవాడు.
అడవంతా దాని ముక్కులో ఉండేది, అన్నాడొకసారి. అంతే.
నిజమే.
మిర్నా నది పక్కన ఓక్ చెట్ల కింద
ఏ వేరు దగ్గర, ఏ వారంలో,
తెల్ల ట్రఫుల్ ముదిరి వాసన కడుతుందో
(చూడ్డానికి మట్టిగడ్డ, తూకానికి బంగారం)
బీబాకి తెలుసు.
ఆయనకి తెలిసింది బీబా వెనక నడవడం.
ఊరంతా ఆయన్ని మొనగాడంటే
ఆయనా కాదనలేదు, కుక్కా కాదనలేదు.

కారు ముందుసీటు అద్దం మీద
దాని ముక్కు మరక ఉండిపోయింది.
ఎండ తగిలితే నత్త పాకిన దారిలా మెరిసేది.
ఈస్టరుకి కారంతా కడిగాడు, ఆ అద్దం వదిలేసి.
నేనక్కడ కూర్చుంటే
దించకు, అనేవాడు.
ఎండాకాలమంతా ఉడికిపోయాను.

ఆగస్టు చివర బుజెట్‌కి బస్సెక్కింది నేనే.
సోఫా మీద బొచ్చనీ, గడపలో బురదనీ
పద్నాలుగేళ్లు సాధించినదాన్ని.
నెవియో కొట్టంలో ఐదు పిల్లలు.
పాల కోసం తోసుకొచ్చేదాన్ని తీసుకో, అన్నాడు.
నా చెప్పు మీద నిద్రపోయినదాన్ని తీసుకున్నాను.
కుక్కల్ని ఎంచడం నాకేం తెలుసు.

లిబెరో బుట్టలోకి చూశాడు.
"ఇది బీబా కాదు."
"కాదు," అన్నాను. "నేనూ మీ అమ్మని కాను.
అయినా వండింది తింటున్నావుగా."

బీబా గిన్నె ఇవ్వనన్నాడు.
సొట్టపోయిన సాస్‌పాన్‌లో పెట్టాను.
పేరు లేని కుక్క
కుర్చీ కాళ్లు కొరికింది, నా జపమాల కొరికింది.
పూసలన్నీ దొరికాయి ఒకటి తప్ప.
అదీ మూడోరోజు తోటలో దొరికింది.
ఎలాగని అడక్కండి.

ఒక రాత్రి వంటింట్లో దీపం.
ఆయన నేల మీద బోర్లా పడుకుని
రొట్టెముక్కలో ట్రఫుల్ తునక పెట్టి
తివాచీ కింద దాస్తున్నాడు.
అది తివాచీని వదిలేసి ఆయన చెవి నాకుతోంది.
"తోంతా," అంటున్నాడు, "ఇటు చూడు, తోంతా."
మా మాటల్లో మొద్దని అర్థం.
అదే పేరయింది.

నవంబరులో ముగ్గురం వెళ్ళాం, పొగమంచులో.
బీబా ఆగే ప్రతి చెట్టు దగ్గరా ఆయన ఆగాడు.
తోంతా ఆగలేదు.
ఆకుల వెంట పరిగెత్తింది, కాలువలో పడి లేచింది,
బీబా ఎన్నడూ పట్టించుకోని పోప్లర్ల వైపు పోయి
గీరడం మొదలుపెట్టింది.
"ఎలుక," అన్నాడాయన, కదలకుండా.

నేను వెళ్ళాను. మోకాళ్ల మీద కూచున్నాను.
అక్రోటుకాయంత.
తెచ్చి ఆయన చేతిలో పెడితే
ముక్కు దగ్గర పట్టుకుని చాలాసేపు ఉన్నాడు.
వాసన చూడ్డానికి అంతసేపు పట్టదు.

తర్వాత, "గుంత పూడ్చాలి," అన్నాడు.
తీసిన మట్టి తీసినచోటే వేసి అరచేత్తో అదమాలి,
లేకపోతే వచ్చే ఏడు అక్కడ ఏమీ పుట్టదు.
ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు.
ఇద్దరం పూడ్చాం.
కుక్క మళ్ళీ తవ్వింది.
మళ్ళీ పూడ్చాం.

తిరిగి వచ్చేటప్పుడు ముందుసీట్లో తోంతా,
వెనక నేను.
అది నిక్కి నిలబడితే
బురద ముక్కు అద్దానికి తగిలింది,
ఆ మరకకి జానెడు కింద.
ఆయన చూశాడు.
చెయ్యి చాపి, పిడి తిప్పి, అద్దం దించాడు.
"దానికి గాలి కావాలి," అన్నాడు.

నేను కోటు గుండీలు
పైదాకా పెట్టుకున్నాను.